మీ పది చిట్కాల్లో కందిపప్పు లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో రోగనిరోధక శక్తి పెంచుకోవడానికి పది చిట్కాలు అని వేశారు కదా, నానబెట్టిన బాదం, గ్రీన్ టీ, ఆలివ్ నూనె, ఎనిమిది గంటల నిద్ర, ఒత్తిడి లేని జీవితం, ఇంకా ఏవేవో, దాని గురించే ఈ ఉత్తరం. పొడుగైతే ఎక్కడన్నా కత్తిరించుకోండి గానీ టీబీ రాకుండా ఆపిన కందిపప్పు సంగతి మాత్రం తీసెయ్యకండి.

నాది చెన్నైలో, పెరంబూర్ దగ్గర మెడికల్ షాపు. మా నాన్న నెల్లూరు వైపు నుంచి వచ్చి పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. ఒక పక్క కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు, ఇంకో పక్క పులియంతోపు, వ్యాసర్‌పాడి బస్తీలు. అటు ఇంజనీర్లు, ఇటు కార్పొరేషన్‌లో చెత్త ఎత్తే మన తెలుగు వాళ్ళు, వాళ్ళతో పాటు శ్రీకాకుళం నుంచి బిల్డింగ్ పనికి వచ్చి సైటు పక్కనే రేకుల షెడ్లలో ఉండే కుటుంబాలు, అందరూ వచ్చేది ఇదే కౌంటర్‌కి. మీరు అలాంటి చిట్కాలు వేసిన ప్రతిసారీ అపార్ట్‌మెంట్ల వైపు నుంచి విటమిన్ సి బిళ్ళలకీ జింక్‌కీ నమిలే విటమిన్ గమ్మీలకీ గిరాకీ పెరుగుతుంది, సో నాకు లాభమే, వారం వారం వేసినా నాకేం నష్టం లేదు. అయినా రాస్తున్నా.

ఆ పది చిట్కాలు చదివినవాడికి ఏం అనిపిస్తుందంటే ఇమ్యూనిటీ అనేది మనిషి క్రమశిక్షణని బట్టి వస్తుంది, రోగం వచ్చిందంటే వాడు సరిగ్గా తినలేదు, సరిగ్గా పడుకోలేదు, అంతా వాడి తప్పే అని. ఎనిమిది గంటలు పడుకోమన్నారు బాగుంది, రెండు డ్యూటీలు చేసే వాచ్‌మన్‌కి ఎవరు చెప్తారండి ఆ మాట? నిద్ర సంగతి అబద్ధం అనట్లేదు, అమెరికాలో షెల్డన్ కోహెన్ అనే ఆయన ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి హోటల్‌లో విడిగా ఉంచి చూశాడు, ఏడు గంటల కంటే తక్కువ పడుకునేవాళ్ళకి ఎనిమిది గంటలు పడుకునేవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జలుబు చేసింది, 2009లో వచ్చింది ఆ పేపర్. కానీ అదే కోహెన్ 2004లో ఇంకోటి రాశాడు, అది మాత్రం ఏ చిట్కాల్లోనూ రాదు. చిన్నప్పుడు అమ్మానాన్నలకి సొంత ఇల్లు ఎన్నేళ్ళు ఉందో అడిగితే, తక్కువ ఏళ్ళు ఉన్నవాళ్ళకే జలుబు ఎక్కువ పట్టుకుందట, పెద్దయ్యాక వాళ్ళు ఎంత సంపాదిస్తున్నారన్నదానితో సంబంధం లేకుండా. ముప్పై ఏళ్ళ కిందటి అద్దె ఇల్లు ఇవాళ ముక్కులో తేలింది అన్నమాట. దీనికి ఏ బిళ్ళ ఇవ్వమంటారు?

అపార్ట్‌మెంట్ల వైపు ఇంకో మాట కూడా గట్టిగా నడుస్తుంది, మీరూ వినే ఉంటారు. "స్లమ్‌లో వాళ్ళకి ఏం రాదు సార్, మట్టిలో పెరిగారు, వాళ్ళ ఇమ్యూనిటీయే వేరు." కరోనా అప్పుడు ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ముంబైలో 2020 జులైలో రక్త పరీక్షలు చేస్తే మురికివాడల్లో నూటికి 57 మందికి యాంటీబాడీలు ఉన్నాయి, బయట అపార్ట్‌మెంట్లలో 16 మందికే. చూశారా అన్నారు అందరూ. ఏం చూడాలండి అందులో? ఒకే గదిలో ఎనిమిది మంది, గల్లీకి ఒక కుళాయి, అందరికీ కలిపి ఒక లెట్రిన్, అందుకని వాళ్ళకి ముందే అంటుకుంది, అంటుకుంది కాబట్టి యాంటీబాడీలు వచ్చాయి. అది శక్తి కాదు, రోగం వచ్చి వెళ్ళిన గుర్తు. పైగా రోడ్డు మీద బలంగా కనిపించేవాళ్ళు బతికి బట్టకట్టిన వాళ్ళు, ఐదేళ్ళు నిండకుండా పోయినవాళ్ళు కనిపించరు కదా మనకి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి, డబ్బులో అడుగున ఉన్న ఐదో వంతు కుటుంబాల్లో ఐదేళ్ళలోపు పిల్లల చావులు పైన ఉన్న ఐదో వంతు కంటే రెండు రెట్లకి పైనే. మట్టిలో పెరిగితే ఇమ్యూనిటీ వచ్చేదయితే ఈ లెక్క తిరగబడాలి.

యాంటీబాడీ ఎక్కువ ఉంటే మంచిదే అనుకోవడం కూడా తప్పే. సైటోమెగలోవైరస్ అని ఒకటుంది, ఒకసారి వస్తే ఒంట్లోనే ఉండిపోతుంది, శరీరం దాన్ని జీవితాంతం అణిచిపెట్టి ఉంచాలి. అమెరికాలో చూస్తే ఆదాయం తక్కువ, చదువు తక్కువ ఉన్నవాళ్ళలో దాని మీద యాంటీబాడీల స్థాయి ఎక్కువగా ఉంది, అంటే వైరస్‌ని కట్టడి చెయ్యడానికి వాళ్ళ ఒళ్ళు ఎక్కువ కష్టపడుతోంది, వయసు మీద పడినవాళ్ళలో జరిగేది కూడా అదే. డబ్బులేనితనం ఒంటిని ముందే ముసలిదాన్ని చేస్తుంది అనే లెక్క. సరే, అది దూరం దేశం సంగతి.

మన పక్కనే ఉన్న వేలూరుకి వద్దాం. మన జిల్లాల నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రికి రైలెక్కని కుటుంబం ఉండదు. అక్కడ డాక్టర్ టి. జాకబ్ జాన్ గారు 1970ల్లోనే ఒక విషయం పట్టుకున్నారు, పోలియో చుక్కలు విదేశాల్లో మూడు డోసులకి పనిచేస్తుంటే ఇక్కడి పిల్లల్లో మూడు డోసులేసినా చాలామందికి రక్షణ రావట్లేదు అని. అప్పట్లో చాలామంది మందు సరిగ్గా చల్లగా ఉంచలేదేమో అనుకున్నారు. తర్వాత 2006లో లెక్క తేలింది, ఉత్తరప్రదేశ్‌లో ఒక్కో డోసు నూటికి 9 మందికి రక్షణ ఇస్తుంటే మిగతా దేశంలో 21 మందికి ఇస్తోంది. చుక్కలు అవే. మరి తేడా ఎక్కడ? పిల్లల పేగుల్లో. మాటిమాటికీ విరేచనాలు, కలుషితమైన నీళ్ళు, జనం కిక్కిరిసి ఉండటం, దాంతో పేగు లోపలి పొర ఎప్పుడూ వాచి ఉంటుంది, ఇంకో పక్క వేరే వైరస్‌లు కాచుకుని కూర్చుంటాయి, చుక్క మందుకి అక్కడ చోటు దొరకదు. అందుకే మనం పిల్లల్ని ఆదివారాలు అన్నిసార్లు బూత్‌లకి మోసుకెళ్ళాల్సి వచ్చింది, చివరి కేసు 2011 జనవరిలో, పోలియో లేదని సర్టిఫికెట్ 2014 మార్చిలో వచ్చింది.

పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్ టీకాదీ ఇదే కథ. మన హైదరాబాద్‌లో తయారైన రోటావాక్, 2016లో మొదటగా ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, గర్వంగా చెప్పుకోవాల్సిన టీకా. తీవ్రమైన రోటా విరేచనాల నుంచి అది సగానికి కాస్త పైగా రక్షణ ఇస్తుంది. ఇలాంటి టీకాలే డబ్బున్న దేశాల్లో 85 శాతం దాటి పనిచేస్తాయి. టీకా చెడ్డదని కాదండోయ్, ఎవరూ అలా చదువుకోకండి, సగం ఆపినా లక్షల మంది పిల్లలకి అది ప్రాణమే. నేను చెప్పేదేంటంటే టీకా ఉచితంగా ఇచ్చినంత మాత్రాన అందరికీ సమానంగా అందినట్టు కాదు, డ్రైనేజీ పైపు, మంచినీళ్ళ పైపు పక్కపక్కనే పగిలి ఉన్న వీధిలో పిల్లాడికి టీకాలో సగం ఆ వీధే తినేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, టీబీ.

ఇక్కడ చెన్నై చేట్‌పట్‌లో క్షయ (టీబీ) పరిశోధన సంస్థ ఉంది కదా, అది 1956లో మొదలైంది. అప్పట్లో టీబీ అంటే శానిటోరియం అనే ఆసుపత్రిలో పెట్టి, మంచి తిండి పెట్టి, గాలి వెలుతురు చూపించి, నెలల తరబడి పడుకోబెట్టడమే వైద్యం. మద్రాసులో పరిశోధకులు ఏం చేశారంటే సగం మందిని శానిటోరియంలో ఉంచి, సగం మందిని వాళ్ళ ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి, రెండు పక్కలా అవే మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళు తిన్నది నాసి తిండి, విశ్రాంతి తక్కువ, గది ఇరుకు. అయినా దాదాపు సమానంగానే తగ్గింది! 1959లో ఆ ఫలితం బయటకొచ్చాక ప్రపంచమంతా శానిటోరియంలు మూతపడటం మొదలైంది. పేదవాడికి అది నిజంగా గొప్ప మేలు, ఉద్యోగం వదిలి ఇల్లు వదిలి పోనక్కర్లేకుండా ఇంట్లోనే మందు మింగొచ్చు. కానీ దాంతో పాటే ఒక మాట అందరి బుర్రల్లోకీ ఎక్కింది, టీబీకి మందు ముఖ్యం, తిండి అంత ముఖ్యం కాదు అని. మందు వేసుకుంటే తగ్గడానికి తిండి సరిగ్గా లేకపోవడం అంత అడ్డం కాకపోవచ్చు, అసలు రోగం రాకుండా ఉండటానికి తిండి సంగతేంటి అని గట్టిగా పరీక్ష పెట్టి చూడటానికి అరవై ఏళ్ళు పట్టింది మనకి.

ఆ పరీక్ష జార్ఖండ్‌లో జరిగింది, మంగళూరులో పనిచేసే డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ చేశారు, మన చేట్‌పట్ సంస్థ కూడా అందులో ఉంది. టీబీ వచ్చిన 2,800 మంది, వాళ్ళ ఇళ్ళల్లో ఉండే పదివేలకి పైగా మనుషులు. పేషెంట్లందరికీ తిండి సరుకులు ఇచ్చారు. సగం మంది ఇళ్ళల్లో మిగతా కుటుంబానికి కూడా ఇచ్చారు, పెద్ద మనిషికి నెలకి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ బిళ్ళలు. అంతే. బాదం లేదు, ఆలివ్ నూనె లేదు. 2023 ఆగస్టులో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం, సరుకులు అందిన ఇళ్ళల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, పరీక్షలో క్రిమి తేలిన ఊపిరితిత్తుల టీబీ అయితే 48 శాతం తగ్గింది. పేషెంట్లలో కూడా మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగినవాళ్ళలో చావులు అరవై శాతం దాకా తక్కువ. ఇంత పనిచేసే మందు ఏదైనా కంపెనీ కనిపెట్టి ఉంటే మీ పేపర్‌లో ఫుల్ పేజీ యాడ్ వచ్చేది, నా షాపు ముందు ఫ్లెక్సీ కట్టేవాళ్ళు. కందిపప్పుకి రెప్రజెంటేటివ్ ఎవడూ లేడు పాపం.

ఎందుకు పనిచేసిందో కూడా అర్థం కానిదేం కాదు. టీబీ క్రిమి మనలో చాలామంది ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది, దాన్ని లేవకుండా చూసేవి టి కణాలు, అవి తయారయ్యేది ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో. తిండి లేక చిక్కిపోయిన పిల్లల్లో ఆ గ్రంథి కుంచించుకుపోతుంది. ఒంట్లో మాంసకృత్తులు లేకపోతే కణాలు దేంతో తయారవుతాయి మరి, నా గమ్మీలతోనా?

ఇక్కడ నేను రోజూ చూసేది చెప్తా. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళ దగ్గర ఊరి రేషన్ కార్డు ఉంటుంది. వన్ నేషన్ వన్ రేషన్ కింద ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర పడితే బియ్యం ఇస్తారు. కానీ తమిళనాడు కార్డు ఉన్నవాళ్ళకి కిలో 30 రూపాయలకి ఇచ్చే కందిపప్పు, లీటరు 25 రూపాయలకి ఇచ్చే పామాయిల్ మాత్రం వీళ్ళకి రావు, అవి ఈ రాష్ట్రం సొంత డబ్బుతో ఇచ్చే సరుకులు. అంటే జార్ఖండ్‌లో పనిచేసిన ఆ మూటలోంచి బియ్యం సరిహద్దు దాటి వస్తుంది, పప్పు తడ దగ్గరే ఆగిపోతుంది. టీబీ పేషెంట్‌కి కేంద్రం నెలకి 500 ఇచ్చేది, 2024 నవంబర్ నుంచి వెయ్యి చేశారు, మంచిదే, కానీ అది బ్యాంకు ఖాతాలో పడాలి, ఖాతా ఊళ్ళో, ఫోన్ నంబర్ మారిపోయి ఉంటుంది. ఇంట్లో వాళ్ళకి కూడా సరుకుల మూట ఇవ్వాలని ఆలోచన వచ్చింది, అది దాత దొరికితేనే. రోగం రాకుండా ఆపే తిండి దాతల మీద, రోగం వచ్చాక మందు సర్కారు మీద, ఈ లెక్క నాకు ఎక్కదు.

ఇక చదువు. మా కౌంటర్ దగ్గర చదువుకున్న తల్లికీ చదువుకోని తల్లికీ తేడా తెలివిలో కాదండి, ధైర్యంలో. పిల్లాడికి విరేచనాలు అని వస్తారు ఇద్దరూ. ఒకామె ఓఆర్ఎస్ ప్యాకెట్ ఎన్ని నీళ్ళల్లో కలపాలి, జింక్ ఎన్ని రోజులు వెయ్యాలి అని అడుగుతుంది, విరేచనాలు ఆగినా పద్నాలుగు రోజులు ఎందుకు అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఇంకొకామె "ఆగే బిళ్ళ ఒకటి ఇవ్వన్నా" అని ఒక్క బిళ్ళకి డబ్బులు పెట్టి వెళ్ళిపోతుంది, మనం చెప్తుంటే తల ఊపుతుంది గానీ అడగదు, అడిగితే కసురుతారని భయం, హాస్పిటల్లో, బ్యాంకులో, స్కూల్లో అన్నిచోట్లా కసిరించుకున్న మనిషి కదా. కాల్డ్‌వెల్ అనే ఆయన 1979లో నైజీరియా లెక్కలు చూసి చెప్పింది ఇదే, నాన్న సంపాదన కంటే అమ్మ చదువు పిల్లాడి ప్రాణానికి ఎక్కువ కాపలా అని, చదువుకున్న అమ్మాయి డాక్టర్‌ని అడుగుతుంది, అత్తగారికి ఎదురు చెప్తుంది, పిల్లాడికి ముందు పెడుతుంది. 2010లో లాన్సెట్‌లో ఇంకో లెక్క వచ్చింది, 1970 నుంచి 2009 దాకా ప్రపంచంలో ఐదేళ్ళలోపు పిల్లల చావులు ఏటా 82 లక్షలు తగ్గితే అందులో 42 లక్షలు ఆడవాళ్ళ చదువు పెరగడం వల్లనే అని. ఆడపిల్లల్ని పదో తరగతి తర్వాత మాన్పించకండి అని మీ పదకొండో చిట్కాగా వేసుకోవచ్చు మీరు.

అయితే చదువు ఉంటే చాలు అని కూడా నేను అనను. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా వేస్తామని స్కూళ్ళకి వచ్చినప్పుడు ఈ చెన్నైలో ఎక్కువ గొడవ చేసింది ఎవరనుకున్నారు, ప్రైవేట్ స్కూళ్ళ పేరెంట్స్. వాట్సాప్‌లో ఏవో ఆడియోలు తిరిగాయి, అంతే, మా పిల్లలకి వద్దు అన్నారు, గడువు పొడిగించాల్సి వచ్చింది. తట్టు అంటే అమ్మవారు పోసి పోతుందిలే అనుకుంటారు గానీ, నెదర్లాండ్స్‌లో టీకా వేయించని పిల్లల్ని పరిశీలిస్తే తట్టు వచ్చి తగ్గాక వాళ్ళ ఒంట్లో అంతకుముందున్న వేరే రోగాల యాంటీబాడీలు 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయని 2019లో తేలింది. కష్టపడి సంపాదించిన ఇమ్యూనిటీలో కొంత నుంచి చాలా దాకా ఆ ఒక్క జ్వరం ఊడ్చేస్తుంది. డబ్బున్న ఇంట్లో పిల్లాడికి ఆ తర్వాత వచ్చే న్యుమోనియాకి ఏసీ రూమ్ దొరుకుతుంది, షెడ్డులో పిల్లాడికి దొరకదు, ఈ ఇద్దరూ ఒకే పార్కులో ఆడుకుంటారు కూడా.

షెడ్లలో వాళ్ళు టీకా వద్దనరు, వాళ్ళ కష్టం వేరు. ఇక్కడ టీకాలు బుధవారం. బుధవారం వెళ్తే ఆ రోజు కూలీ పోతుంది. కార్డు ఊళ్ళో అత్తగారి దగ్గర ఉంటుంది, నర్సమ్మ అడిగేది తమిళంలో, ఈవిడకి వచ్చింది శ్రీకాకుళం తెలుగు. బోర్డు తమిళంలో, కరపత్రం తమిళంలో. దేశంలో నూటికి తొంభైకి పైగా పిల్లలకి టీకాలు వేసేది సర్కారు వాళ్ళే, పైసా తీసుకోరు, అయినా 2019-21 సర్వేలో పూర్తిగా టీకాలు పడిన పిల్లలు 76 శాతమే. మిగిలిన పిల్లల్లో బాదం నానబెట్టుకునే ఇళ్ళవాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

కోపంగా రాస్తున్నా గానీ ఈ ఊళ్ళో మంచి కూడా లేకపోలేదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ ప్రెసిడెంట్‌గా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి, మన తెలుగాయనే, టీ నగర్ అనేది ఆయన పేరే, థౌజండ్ లైట్స్‌లో కార్పొరేషన్ స్కూల్ పిల్లలకి మధ్యాహ్నం టిఫిన్ పెట్టించాడు, పిల్లాడికి రోజుకి అణా మించకుండా. తర్వాత కామరాజ్, ఎంజీఆర్, సత్తునవు అనే పోషకాహారం, గుడ్డు, 2022 నుంచి పొద్దున టిఫిన్ కూడా. బడి ఎందుకు అంటే చదువుకి అంటారు, తిండి ఎందుకు అంటే బడికి రావడానికి అంటారు. ఆ రెండూ కలిసి పిల్లాడి ఒంట్లో ఏం చేస్తున్నాయో మీ ఆరోగ్యం పేజీలో ఎప్పుడైనా వేశారా? నాకైతే గుర్తు లేదు.

కాబట్టి నేను అడిగేది ఇదీ. చెన్నై ఎడిషన్‌లో ఒక్క ఆదివారం చిట్కాలు ఆపి, తెలుగు అక్షరాల్లో పెద్దగా వేయండి, ఏ వీధిలో బుధవారం టీకాలు ఎక్కడ వేస్తారు, ఊరి కార్డు లేకపోయినా వేస్తారా, టీబీ డబ్బు కోసం ఖాతా ఎలా కలపాలి, దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష ఏ హాస్పిటల్లో ఫ్రీగా చేస్తారు, ఇవన్నీ. ఇంకా చేతనైతే మీ రిపోర్టర్‌ని రేషన్ ఆఫీసుకి పంపి వలస కార్డుకి కందిపప్పు ఎందుకు ఇవ్వరు అని అడిగించండి, రెండు రాష్ట్రాల మంత్రులకీ మీ పేపర్ అందుతుంది కదా. మీరు వేస్తే ఆ పేజీ నేను జిరాక్స్ తీయించి షాపు అద్దానికి అంటిస్తా, చదవడం రానివాళ్ళకి మా కుర్రాడు చదివి చెప్తాడు. షాపు పేరు, నా పేరు మాత్రం వెయ్యకండి, గమ్మీలు ఇంకా చాలా స్టాక్ ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
పెరంబూర్, చెన్నై